అంగడి మనది, లైసెన్సు సేటుది

పరదేశంలో సొంత వ్యాపారం పెట్టుకున్న మనవాళ్ల నివాసం, సామాజిక భద్రత

(నిమ్మనపల్లెలో చేసిన స్మారక ఉపన్యాసం)



మనం ఈరోజు తలచుకుంటున్న మాస్టారు బడిలో లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని కువైట్ కాగితాలు చదివి చెప్పారు. పాస్‌పోర్టు దరఖాస్తులు, వీసా కాపీలు, ఒప్పంద పత్రాలు, బ్యాంకు రసీదులు అన్నీ ఆయన చేతుల మీదుగా పోయాయి. జీతమెంతో చెప్పమని జనం తొందరపడేవారు. ఆయన మాత్రం ముందు కాగితం మీద ఎవరి పేరుందో, ఏ పని రాసుందో, ఎన్నాళ్లకు రాసుందో చూసేవారు. చదువురాని తల్లికి కూడా ఆ మూడు సంగతులు అర్థమయ్యే దాకా చెప్పి గానీ కాగితం తిరిగి ఇచ్చేవారు కాదు. ఆయన పేరు మీద ఏటా ఒక ఉపన్యాసం జరగాలని శిష్యులు తలో చెయ్యి వేసి నిధి కూడబెట్టారు. వాళ్లను మనసారా అభినందిస్తున్నాను.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. గల్ఫ్ దేశాల్లో మనవాడికి దొరికే రక్షణ అంతా యజమాని గుండా వస్తుంది. యజమానిని వదిలి సొంత కాళ్ల మీద నిలబడిన రోజు ఆ రక్షణ కూడా పోతుంది. కాబట్టి రక్షణను మనిషికే కట్టాలి. ఎవరి కింద పనిచేసినా, ఎవరి కిందా పనిచేయకపోయినా అది అతని వెంట రావాలి. దీన్ని ఆరు మెట్లుగా మీ ముందు పెడతాను.

1. ఎవరి గురించి మాట్లాడుతున్నాం

కువైట్‌లో సుమారు 10 లక్షల మంది భారతీయులున్నారు. కడప, రాజంపేట, రాయచోటి, పీలేరు, మదనపల్లె ప్రాంతాల నుంచి పోయినవాళ్లలో ఎక్కువమంది ఇంటిపనికి పోయినవాళ్లే. ఆడవాళ్లు వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి, మగవాళ్లు డ్రైవర్లుగా. దాన్ని మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. కువైట్ నివాస నిబంధనల్లో అది 20వ ఆర్టికల్. కంపెనీల్లో పనిచేసేవాళ్లది షూన్ వీసా, అంటే 18వ ఆర్టికల్.

కొన్నేళ్లు గడిచాక వీళ్లలో కొందరికి భాష వస్తుంది, నాలుగు దినార్లు చేతిలో మిగులుతాయి, సొంతంగా ఏదైనా చేద్దామన్న ధైర్యం వస్తుంది. ఒకరు ఫర్వానియాలో మెస్ పెడతారు. ఒకరు ఖైతాన్‌లో కుట్టుమిషన్ వేసుకుంటారు. ఇంకొకరు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, మన ఊరి సరుకులు అమ్ముతారు, సొంత బండి తిప్పుతారు.

అలాంటి ఒక దర్జీ అంగట్లో ఉన్న కాగితాలు ఒక్కొక్కటే తీసి చూద్దాం. గోడకు తగిలించిన లైసెన్సు కువైటీ సేటు పేరు మీద ఉంటుంది. అద్దె ఒప్పందం ఆయన పేరు మీదే. కరెంటు బిల్లూ అంతే. మిషన్లు కొన్నది మనవాడు, గుడ్డ తెచ్చింది మనవాడు, రాత్రి పన్నెండు దాకా కాజాలు కుట్టేది మనవాడు. నెల తిరిగేసరికి సేటుకు ఇంత అని ముట్టజెప్పేదీ మనవాడే. ఆ డబ్బుకు రసీదు ఉండదు. అంగడి మొత్తం మీద అతని పేరున్న కాగితం జేబులోని బతాకా, అంటే గుర్తింపు కార్డు, ఒక్కటే. అందులో అతను ఇంటి పనివాడు!

ఇది ఒక్కరి తప్పని నేననను. కువైట్ వాణిజ్య చట్టం, అంటే 1980 నాటి 68వ నంబరు చట్టం, 23వ ఆర్టికల్ ప్రకారం విదేశీయుడు అక్కడ వ్యాపారం చేయాలంటే కువైటీ భాగస్వామి ఉండాలి, పెట్టుబడిలో కువైటీల వాటా 51 శాతానికి తగ్గకూడదు. పెద్ద పెట్టుబడిదారులకు 2013లో వేరే చట్టం తెచ్చి నూరు శాతం యాజమాన్యానికి దారి తీశారు. రెండు మిషన్ల దర్జీకి ఆ దారి కాదు గదా.

2. ఇది నిన్నమొన్నటి కథ కాదు

మనకు 1911 దాకా చిత్తూరు జిల్లా లేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఆ ఉత్తర ఆర్కాటు నుంచి, విశాఖ నుంచి వేలమంది కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పోయారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో నౌక 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఐదేళ్లు చెరకు తోటల్లో పని. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం.

ఐదేళ్ల తర్వాత ఒప్పందం తీరినవాళ్లు చాలామంది అక్కడే నిలిచారు. కూరగాయలు పండించారు, గంపలు నెత్తిన పెట్టుకుని అమ్మారు, చిన్నచిన్న అంగళ్లు పెట్టుకున్నారు. కూలీలుగా ఉన్నన్నాళ్లు వాళ్లు కావలసినవాళ్లు. సొంతంగా బతకడం మొదలుపెట్టేసరికి కంట్లో నలుసయ్యారు. 1895లో నటాల్ ప్రభుత్వం చట్టం చేసింది. కొత్తగా ఒప్పందం మీద వచ్చినవాళ్లు గడువు తీరాక మళ్లీ కూలి ఒప్పందం రాయకుండా, ఇండియాకు తిరిగి పోకుండా ఉంటే ఏటా 3 పౌండ్లు కట్టాలి. మాస్టారి శిష్యులు ఈ లెక్క వెంటనే వేస్తారు: 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, తొలి ఏడాది జీతంలో ఆరు నెలల మొత్తం. రెండేళ్ల తర్వాత, 1897లో, వ్యాపార లైసెన్సుల చట్టం వచ్చింది. లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం. కాదంటే కోర్టుకు పోయే వీలు లేదు.

ఆ 3 పౌండ్ల పన్ను మీద 1913లో గని కార్మికులు, తోట కూలీలు సమ్మె కట్టారు. గాంధీ వాళ్లతో కలిసి నడిచారు. 1914లో పన్ను రద్దయింది. సమ్మె చేసినవాళ్లలో మన తెలుగువాళ్లూ తమిళులూ ఉన్నారని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

బర్మాది ఇంకో పాఠం. అక్కడ మనవాళ్లకు అంగళ్లూ ఉన్నాయి, ఆస్తులూ ఉన్నాయి. 1964లో సైనిక ప్రభుత్వం అంగళ్లను జాతీయం చేసింది, పెద్ద నోట్లను చెల్లవంది. తరాలుగా కూడబెట్టినది వదిలి కట్టుబట్టలతో ఓడెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ కాలం నుంచి వచ్చిందే.

ఈ రెండు కథల నుంచి నేను తీసుకునేది ఇది: వలస వచ్చినవాడి శ్రమను కోరుకున్న ప్రభుత్వాలే అతని స్వాతంత్ర్యాన్ని చూసి జంకాయి. నివాస నిబంధన, లైసెన్సు, పన్ను, ఈ మూడూ ఆ జంకు నుంచే పుట్టాయి.

3. నివాసం: ఎవరి దయ మీద

ఇప్పుడు గల్ఫ్‌కు వద్దాం. అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ పేరుతో, అంటే వీసా ఇచ్చిన స్థానిక యజమాని పేరుతో, ముడిపడి ఉంటుంది. కఫీల్ దగ్గర కాకుండా వేరేచోట పని చేస్తూ పట్టుబడితే దేశం నుంచి పంపించేయవచ్చు. దర్జీ సొంత అంగట్లో కూర్చుని ఉన్నా, చట్టం దృష్టిలో అతను తప్పు చోట ఉన్న ఇంటి పనివాడు.

సొంత వ్యాపారికని కువైట్‌లో 19వ ఆర్టికల్ వీసా ఉంది. కంపెనీ పెట్టుబడిలో కనీసం లక్ష దినార్ల వాటా చూపాలి. మన డబ్బులో రెండున్నర కోట్లకు పైమాటే. 18వ ఆర్టికల్ మీద ఉంటూనే కంపెనీల్లో వాటాలు పెట్టుకున్నవాళ్లు వేలల్లో ఉండేవారు. 2024 ఆగస్టులో వాణిజ్య శాఖ అలాంటి భాగస్వామ్యాలను నమోదు చేయడం, రెన్యువల్ చేయడం నిలిపేసింది. తర్వాత ఏ సడలింపు వచ్చినా, ఎన్నేళ్ల వ్యాపారమైనా ఒక్క ఉత్తర్వుతో ఊగిసలాడుతుందని ఆ రోజు తేలిపోయింది.

పక్క దేశాలు చూడండి. యుఎఈ 2021 జూన్ నుంచి చాలా రకాల వ్యాపారాల్లో విదేశీయులకు నూరు శాతం యాజమాన్యం ఇచ్చింది. కఫీల్ అక్కర్లేని ఐదేళ్ల గ్రీన్ వీసా 2022లో తెచ్చింది. అయితే సొంతంగా పనిచేసేవాడు ఆ వీసా పొందాలంటే డిగ్రీ గానీ ప్రత్యేక డిప్లొమా గానీ ఉండాలి, గడచిన రెండేళ్లకు 3,60,000 దిర్హాముల ఆదాయం గానీ, అక్కడ ఉన్నన్నాళ్లకు సరిపడా ఆర్థిక స్తోమత గానీ చూపాలి. హైదరాబాద్ నుంచి పోయిన సాఫ్ట్‌వేర్ నిపుణుడికి అది అందుతుంది. నిమ్మనపల్లె దర్జీకి అందదు.

సౌదీలో స్థానికుడి పేరు మీద విదేశీయుడు వ్యాపారం చేయడాన్ని తసత్తుర్ అంటారు. 2020 నాటి చట్టం ప్రకారం దానికి ఐదేళ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా. ఆ చట్టంలో మెచ్చుకోదగ్గది ఒకటుంది. అప్పటికే అలా నడుపుతున్నవాళ్లు తమ వ్యాపారాన్ని సక్రమం చేసుకోవడానికి 2022 ఫిబ్రవరి దాకా గడువిచ్చారు.

బహ్రెయిన్ అందరికంటే ముందు అడుగేసింది. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ పెట్టింది. కఫీల్ లేకుండా, తన రుసుము తానే కట్టుకుని, తన పేరు మీద తాను పనిచేసుకునే అనుమతి అది. 2022లో దాన్ని ఆపి వేరే నమోదు పద్ధతి తెచ్చారు. ఐదేళ్లే నడిచినా, చిన్నవాడికి కూడా సొంత పేరుతో నివాసం ఇవ్వడం సాధ్యమేనని ఒక గల్ఫ్ దేశమే చేసి చూపించింది.

పని ఒకరిది, కాగితం ఇంకొకరి పేరు మీద ఉండే ఈ బాధ ఇక్కడున్న రైతులకు కొత్త కాదు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే కౌలు రైతును తలుచుకోండి. సేద్యం అతనిది, పట్టా ఇంకొకరిది. పంట పోతే నష్టపరిహారం పట్టా ఉన్నవాడి ఖాతాకు పోయేది. దాన్ని సరిచేయడానికి మన రాష్ట్రం 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేసింది. ఈ రెండో చట్టంలో భూమి హక్కు యజమానికే ఉంచి, పదకొండు నెలల గడువుతో సాగుదారుడి పేరు మీద కార్డు ఇచ్చారు. అయినా కార్డుకు యజమాని సంతకం కావాలన్నారు, యజమానులు సంతకానికి వెనకాడారు. అందువల్ల ఎందరో నిజమైన సాగుదారులకు కార్డు చేరలేదు. అక్కడ కఫీల్, ఇక్కడ పట్టాదారు. రక్షణ ఇంకొకడి సంతకం మీద ఆధారపడితే అది అక్కరకు రాదని మన పొలాలే చెబుతున్నాయి.

4. బీమా: ఎవరికి వర్తిస్తుంది

సామాజిక బీమా అంటే పని చేసే రోజుల్లో కొంత కట్టి, పని చేయలేని రోజుల్లో తీసుకోవడం. జబ్బు, ప్రమాదం, ముసలితనం, చావు, ఈ నాలుగింటికీ అది అండ. కువైట్‌లో సామాజిక బీమా సంస్థ 1976 చట్టంతో ఏర్పడింది. అది కువైటీ పౌరుల కోసం. ముప్పై ఏళ్లున్నా మనవాడికి అందులో పింఛను లేదు.

దాని బదులు ఉద్యోగులకు సర్వీసు ముగింపు సొమ్ము ఉంది. 2010 కార్మిక చట్టం ప్రకారం నెలజీతగాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం, మొత్తం ఏడాదిన్నర జీతానికి మించకుండా ఇవ్వాలి. ఇంటి పనివాళ్లకు 2015 చట్టం ఏడాదికి ఒక నెల జీతం రాసింది. అక్కలారా, ఇది గుర్తుపెట్టుకోండి. మీ బిడ్డ ఇంటిపని మాని తిరిగి వస్తుంటే ఆ సొమ్ము అడిగి తీసుకోవడం ఆమె హక్కు.

మరి దర్జీ? కాగితం మీద అతను సేటు ఇంటి పనివాడు, కానీ సేటు అతనికి జీతమివ్వడు, అతనే సేటుకు ఇస్తాడు. కాబట్టి సర్వీసు సొమ్ము అడగలేడు. వ్యాపారి అని కాగితం లేదు, కాబట్టి అంగడి మీద హక్కు అడగలేడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ అతని స్థితి.

చట్టబద్ధంగా వ్యాపారం పెట్టినవాడికైనా ఈ లోటు తప్పదు. యుఎఈ 2023 జనవరి నుంచి ఉద్యోగం పోయినవాళ్లకు బీమా తప్పనిసరి చేసింది. తక్కువ జీతమైతే నెలకు 5 దిర్హాములు కడితే చాలు, ఉద్యోగం పోతే మూడు నెలల దాకా మూల వేతనంలో 60 శాతం వస్తుంది. మంచి పథకమే. అయితే సొంత వ్యాపారంలో పనిచేసే యజమానులను, ఇంటి పనివాళ్లను దాన్నుంచి మినహాయించారు. మనం మాట్లాడుకుంటున్న రెండు వర్గాలూ అవే.

ఇతర దేశాలు ఇంత తేలిగ్గా వదలవు. జర్మనీలో సొంత వ్యాపారానికి నివాస అనుమతి అడిగే విదేశీయుడు 45 ఏళ్లు దాటినవాడైతే, ముసలితనానికి తగిన ఏర్పాటు ఉందని చూపాలి. ఆరోగ్య బీమా ఎలాగూ తప్పదు. వ్యాపారం నిలదొక్కుకుంటే మూడేళ్లకే శాశ్వత నివాసానికి దారి ఉంది. అమెరికాలో సొంతంగా పనిచేసేవాడు యజమాని వాటా, తన వాటా కలిపి 15.3 శాతం కడతాడు. పదేళ్లకు సమానమైన 40 క్రెడిట్లు పూర్తయితే పింఛనుకు అర్హుడు. భారం ఎక్కువే, కాకపోతే అది అతని పేరు మీద జమ అవుతుంది. నివాసం ఇచ్చేటప్పుడే ముసలితనం గురించి అడగడంలో కాఠిన్యం ఉంది, మనిషిని మనిషిగా లెక్కించడమూ ఉంది.

భారతదేశం సుమారు ఇరవై దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది. బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వాటిలో ఉన్నాయి. గల్ఫ్ దేశం ఒక్కటీ లేదు. ఉన్న ఒప్పందాలు కూడా ఎక్కువగా కంపెనీలు పంపిన ఉద్యోగులకే పనికొస్తున్నాయి.

5. ఇంటి దగ్గర ఏముంది

పరాయి ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ప్రభుత్వం ఏం చేసిందో చూడాలి. పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్ ఉద్యోగానికి పోయేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటివాడైనా 10 లక్షలు. ఇంత తక్కువ డబ్బుకు ఇంత అండ మంచిదే. కానీ గడువు తీరాక రెన్యువల్ చేసుకోవాలన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. పైగా ఆ 10 లక్షలు ప్రమాద మరణానికే. ఎండలో గుండె ఆగిపోయినవాడి కుటుంబానికి రావు.

2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన పేరుతో పింఛను పథకం తెచ్చారు. కార్మికుడు కట్టినదానికి తోడు ప్రభుత్వం కూడా కొంత జమ చేసేది. చేరినవాళ్లు తక్కువని 2017లో మూసేశారు. చేరే దారిని పల్లె దాకా తేకుండా, చేరలేదని మూసేయడం నాకు బాధగా ఉంది.

కేరళ వేరే దారి పట్టింది. 2008లో ప్రవాసీ సంక్షేమ చట్టం చేసి బోర్డు పెట్టింది. విదేశంలో ఉన్నవాడు నెలనెలా తన చందా తానే కడతాడు, 60 ఏళ్లు దాటాక పింఛను తీసుకుంటాడు. యజమాని వాటా, యజమాని సంతకం అక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్ర భరోసా బీమా వచ్చింది, అందులోనూ మరణ పరిహారం ప్రమాదానికే. చనిపోయాక ఇచ్చే సాయం అవసరమే. బతికి తిరిగొచ్చి, అరవై ఏళ్ల వయసులో చేతిలో ఏమీ లేకుండా కూర్చున్నవాడికి కావలసింది పింఛను.

6. ఏం చేయాలి

ముందుగా కుటుంబాలకు. చట్టం ఒప్పుకోని వ్యాపారంలో దిగమని నేను ఎవరికీ చెప్పను. దిగబోయే ముందు మీ వీసా ఏ ఆర్టికల్‌దో, దాని మీద ఆ పని చేయవచ్చో లేదో తెలుసుకోండి. భాగస్వామ్యం ఉంటే అరబీలో రాయించి నమోదు చేయించండి, కాపీ ఇంటికి పంపండి. డబ్బు చేతికిచ్చే బదులు బ్యాంకు ద్వారా ఇవ్వండి. ప్రవాసీ బీమా గడువు తేదీ ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి. జాతీయ పింఛను పథకంలో విదేశంలో ఉన్నవాళ్లూ చేరవచ్చు. ఇంటికి పంపే డబ్బులో కొంత అందులో వేసి, నామినీగా భార్య పేరో తల్లి పేరో రాయండి. ఇల్లు కట్టడం ఆగదు, పెళ్లిళ్లు ఆగవు. అందుకే ఈ సొమ్మును ముందే వేరుగా తీయాలి.

రెండోది రాష్ట్ర ప్రభుత్వానికి. కేరళ తరహాలో చట్టంతో నడిచే ప్రవాసాంధ్ర సంక్షేమ బోర్డు కావాలి. అందులో మూడు గుణాలుండాలి. చందా మనిషి పేరు మీద ఉండాలి, వీసా రకం అడగకూడదు. ఇంటి పనిమనిషి, కంపెనీ కార్మికుడు, సొంత అంగడివాడు ఒకే కార్డుతో చేరాలి. కట్టినదానికి తోడు ప్రభుత్వం కూడా కొంత జమ చేయాలి. ఇంకొకరి సంతకం ఎక్కడా అవసరం కాకూడదు. కౌలు కార్డులో జరిగిన పొరపాటు ఇక్కడ జరగకూడదు. గ్రామ సచివాలయంలో పింఛను దరఖాస్తు తీసుకుంటున్నట్టే దీన్నీ తీసుకోవచ్చు, ఫోన్‌లో చందా కట్టించుకోవచ్చు.

మూడోది ఢిల్లీకి. 2021 జూన్‌లో కువైట్‌తో ఇంటి పనివాళ్ల గురించి అవగాహన ఒప్పందం కుదిరింది. అడిగితే కుదురుతుందని అది చెబుతోంది. తర్వాతి చర్చల్లో రెండు సంగతులు అడగాలి. ఒకటి, చిన్న వ్యాపారానికి అందుబాటులో ఉండే పెట్టుబడి పరిమితితో సొంత పేరు మీద నివాస అనుమతి, ఇప్పటికే నడుపుతున్నవాళ్లు సక్రమం కావడానికి సౌదీ ఇచ్చినలాంటి గడువు. రెండు, సర్వీసు సొమ్మును యజమాని దగ్గర ఉంచకుండా ప్రభుత్వ నిధిలో నెలనెలా జమ చేయడం. బహ్రెయిన్ 2024 మార్చి నుంచి యజమానుల చేత సామాజిక బీమా సంస్థకు అలాగే కట్టిస్తోంది. ఒకసారి ఆ నిధి ఉంటే, సొంత వ్యాపారి తన వాటా తాను కట్టుకునే తలుపు అందులోనే తెరవవచ్చు.

ఇది పెద్ద కోరిక అనిపించవచ్చు. 1895లో నటాల్ గంప వ్యాపారికి 3 పౌండ్ల పన్ను రద్దవడమూ పెద్ద కోరికే. పంతొమ్మిదేళ్లు పట్టింది, చదువురాని కూలీలు గట్టిగా నిలబడ్డారు కాబట్టి రద్దయింది. మన కోరిక అంతకంటే చిన్నది: ఎవరి చెమటో వాళ్ల పేరు మీద జమ కావాలి.

మాస్టారి స్మారక నిధి నిర్వాహకులకు నా వినతి ఒకటి. వచ్చే ఏడాది ఉపన్యాసం లోపు ఈ మండలంలో విదేశంలో ఉన్నవాళ్ల వివరాలు ఇంటింటికీ తిరిగి సేకరిద్దాం. ఎవరు ఏ వీసా మీద ఉన్నారు, ఎవరి బీమా బతికుంది, ఎవరి వ్యాపారం ఎవరి పేరు మీద ఉంది, ఇవన్నీ రాద్దాం. ఆ పట్టికతో పాటు సంక్షేమ బోర్డు కోరుతూ ఒక అర్జీ తయారుచేసి, మన శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు మనమే చేతికిద్దాం. ఊరికి పది మంది యువకులు పూనుకుంటే అయ్యే పని ఇది. నేనూ మీతో తిరుగుతాను.